ఇరవై మూడు ఫ్యూజులు

కొవ్వూరు,
16 మార్చి 2025, ఆదివారం.

గౌరవనీయులైన మణిశంకర్ గారికి,

ఆశాజ్యోతి నమస్కారాలు. రాజమండ్రిలో మీరూ అమ్మగారూ కులాసాగా ఉన్నారనీ, మీ మోకాలి నొప్పి ఈ ఎండలకైనా తగ్గిందనీ అనుకుంటున్నాను. ఇక్కడ మా అమ్మా నేనూ బాగానే ఉన్నాం. గోదావరికి ఈ గట్టున మేం, ఆ గట్టున మీరు. వంతెన దాటితే అరగంట ప్రయాణం. అయినా రెండేళ్లుగా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నేను ఫోను చేస్తే మీరు ఎత్తరు. మీ ఇంటికి రావడానికి నాకు అభిమానం అడ్డొస్తుంది.

నోటిమాట ఎవరికీ గుర్తుండదు, చెప్పదలుచుకున్నది కాగితం మీద పెట్టమ్మా అని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మీరు నాకు చెప్పారు. అందుకే పెడుతున్నాను. ఇది క్షమాపణ ఉత్తరం కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరు కళ్లజోడు తుడుచుకుని స్థిమితంగా చదువుకుంటారు కదా.

అసలు వార్త ఇది. నల్లమెరకలో మళ్లీ తీగ పరిచాం సార్.

అవును, అదే నల్లమెరక. పంగిడి క్వారీలు దాటాక, ఒకపక్క పామాయిల్ తోటలు, ఒకపక్క మొక్కజొన్న చేలు, ఎక్కడ గడ్డపార వేసినా నల్లరాయి తగిలే ఆ ఊరే. రెండేళ్ల క్రితం మీ ఆఖరి రిపోర్టులో మీరు రెండు వాక్యాలతో కొట్టిపారేసిన ఊరు. లోతు నుంచి వచ్చినట్టు కనబడుతున్న సంకేతం వ్యవసాయ మోటార్ల గోల మాత్రమే, ఇక్కడ తదుపరి పని అనవసరం అని రాసి, సంతకం పెట్టి, ఆ నెలాఖరుకి రిటైరైపోయారు. ఆ రెండు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఎందుకు రావు? ఆ సంకేతం గోల కాదు, నిజం అని మీటింగులో లేచి నిలబడి వాదించింది నేనొక్కదాన్నే. అప్పటి నుంచి ఆఫీసులో నా పేరు గోల మేడం. ఎదురుగా ఎవరూ అనరు. టీ కప్పులు పట్టుకుని కారిడార్‌లోకి వెళ్లాక అంటారు.

మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఏం రాస్తున్నావే అంటోంది. మీరు నేర్పిన పాఠం మీకే చెప్పడం దుడుకుతనమే, కానీ ఆవిడకి అర్థమయ్యేలా ఒకసారి చెప్పుకుంటాను, వినండి. నేల మీద ఎనిమిది వందల మీటర్ల చదరంగా తీగ పరుస్తాం. అందులో కరెంటు పంపి ఒక్కసారిగా ఆపేస్తాం. ఆపిన క్షణంలో, కింద కరెంటును మోసేది ఏదైనా ఉంటే దానిలో చిన్న ప్రవాహం పుట్టి, కాసేపు తిరిగి చచ్చిపోతుంది. ఉప్పునీరైతే ఇట్టే చస్తుంది. బొగ్గు కలిసిన నల్లమట్టి పొరైతే ఇంకాస్త ఆగి చస్తుంది. గంధకంతో కలిసి గట్టిముద్దగా ఉన్న నికెల్ ఖనిజమైతే అంత తొందరగా చావదు. అంతా కలిపి సెకనులో చిన్న ముక్కే, కానీ ఆ ముక్క చివర మిగిలిన సన్నటి సంకేతాన్ని పట్టుకోవడమే మన వృత్తి. దగ్గర్లో ఒక్క బోరు మోటారు తిరిగినా చాలు, దాని కరెంటులో అది మునిగిపోతుంది.

అమ్మ అంతా విని, అయితే భూమిని కేకేసి ఎవరు పలుకుతారా అని చూడటమన్నమాట, దీనికి ఇంత చదువెందుకు అంది. మీరు నాకు మూడేళ్లు పట్టి చెప్పింది అదే.

ఇక ఆనాటి సంగతి. మోటార్ల గోల అన్నారు కదా. ఏ మోటార్లు సార్? ఆ రోజు మోటార్ల సంగతి చూసుకునే డ్యూటీ నాది. ప్రతి రైతునీ పేరుపేరునా అడిగాను. అందరూ ఆపేశామండి అన్నారు. రెండు గంటల నుంచి ఐదు గంటల దాకా, అరగంటకో గడి చొప్పున రిజిస్టర్‌లో ఆరు గడులు. ఆరింటిలోనూ అన్ని మోటార్లూ ఆగి ఉన్నాయి అని నా చేతిరాతతో ఉంది. ఆ రిజిస్టరు ఇవాళ్టికీ ఆఫీసు బీరువాలో ఉంది. మీరు దాన్ని చూసి కూడా గోల అని రాశారంటే నా రాతకు విలువ ఇవ్వలేదనే కదా? పర్మినెంటు కాని కాంట్రాక్టు పిల్ల రాసిందేలే అనుకున్నారనే కదా? ముప్ఫయ్యేళ్ల సర్వీసు మచ్చ లేకుండా ముగించాలని, అక్కడ డ్రిల్లు పెట్టి ఏమీ పడకపోతే చివరి రోజుల్లో మాట పడాల్సి వస్తుందని భయపడ్డారు. రెండేళ్లుగా నేను అనుకుంటున్నది ఇదే. ముఖం మీద అనలేక కాగితం మీద అంటున్నాను.

నల్లమెరకలో ఖనిజం వెతికే లైసెన్సును మనవాళ్లు ఈ నెల ముప్ఫై ఒకటితో వదిలేస్తారు సార్. అందుకే ఈ తొందర. మీ తరువాత వచ్చిన దుర్గాసాయి గారు మంచివారే. నా వయసువారు, ఓపికగా వింటారు. పాత కొలతల గీతలు పరిచి చూపిస్తే, మీరు చూపించేది బాగానే ఉందండి, కానీ మణిశంకర్ గారంతటి ఆయన వద్దన్నచోట రిగ్గు దింపామంటే రేపు పైవాళ్లు నన్ను అడుగుతారండి అన్నారు. అందరూ మీ పేరే చెబుతారు. రాజమండ్రిలో ఉండి కూడా మీరు నా దారికి అడ్డంగా నిలబడ్డారు. నేను ఊరుకోలేదు. యంత్రం మళ్లీ అద్దెకు తెప్పించండి, ఒక్క ఆదివారం ఇవ్వండి, ఈసారి ఏమీ కనబడకపోతే ఇక నల్లమెరక పేరెత్తను, రాజీనామా కూడా ఇస్తాను అన్నాను. రాజీనామా మాట ఎందుకండీ అంటూనే ఆయన తొమ్మిదో తేదీ ఆదివారాన్ని నాకు ఇచ్చారు.

ఆదివారమే ఎందుకంటే ఆ రోజు రాతి క్రషర్లు ఆగుతాయి. ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఆదివారం చర్చిలో ఆరాధన ఎగ్గొట్టి పొలాల్లో తీగలు లాగుతావా అని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. క్రషర్లు ఆగితే ఆగాయి, బోర్లు ఎలా ఆగుతాయి? మొక్కజొన్న పాలకంకి మీద ఉంది, నీళ్లు తప్పకూడని సమయం. పొలాలకు కరెంటు ఇచ్చేదే పగలు తొమ్మిది గంటలు. అందులో మూడు గంటలు నాకు ఇవ్వమంటే ఎవరిస్తారు? ఆ ముందు శుక్రవారం పొద్దున పాల కేంద్రం దగ్గర అందరినీ కూర్చోబెట్టి అడిగాను. చంద్రరావు గారు మీకు గుర్తుండే ఉంటారు, ఊరికి తూర్పున ఆరెకరాల మొక్కజొన్న రైతు. నేల కింద ఏదో పడితే మా భూములు లాక్కుంటారు, పడకపోతే మా కంకులు ఎండిపోతాయి, ఎటు చూసినా మాకేంటండి లాభం అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. లాభం ఉందని నేను అబద్ధం చెప్పలేదు. కింద ఏముందో తెలియకుండా ఎవరో వచ్చి మీతో బేరం ఆడేకంటే, ఏముందో తెలిసి మీరే బేరం ఆడటం మంచిది కదండి అన్నాను. 

అప్పుడు లేచింది పాపాయమ్మ గారు. రెండెకరాల మనిషి. భర్త పోయాక మరుదులతో కలిసి ఒకే ఉమ్మడి బోరు మీద వ్యవసాయం చేస్తోంది. ఉమ్మడి బోరుకి వంతులుంటాయని మీకు తెలుసు. పై చేను ఎంత ఎండుతున్నా, చివరి చేను వంతు వచ్చిందంటే నీళ్లు వదిలి తీరాలి. ఆ మాట తప్పినవాడితో ఆ ఊళ్లో చుట్ట కూడా పంచుకోరు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, ఏంటర్రా ఇంతసేపు ఆలోచన, ఈ పిల్లది మన బోర్ల మీద చివరి చేను అనుకోండి, దాని వంతు మూడు గంటలు, ఇస్తారా, ఎగ్గొడతారా అంది. వంతు అనేసరికి ఒక్కొక్కరే తలూపారు. చంద్రరావు గారు కూడా సరేనండి అన్నారు.

మర్నాడు శనివారం చిన్న పరీక్ష పెట్టాం. ఒక్క గంట మోటార్లు ఆపమని, చిన్న తీగ పరిచి చూశాను. తెర మీద గోలే గోల. ఆపారా అని అడిగితే ఆపేశామండి అంటారు. నాకు ఏడుపొచ్చింది. పాపాయమ్మ గారు నవ్వుతూ, ఎర్ర బటను నొక్కితే ఆగినట్టు కాదమ్మా, మోటార్లన్నిటికీ ఆటో ఉంటాది, కరెంటు ఒకసారి పోయి వచ్చిందంటే దానంతట అదే ఎత్తుకుంటాది, మేం ఇంటికాడ అన్నం తింటుంటే అది చేలో తిరుగుతా ఉంటాది, నిజంగా ఆపాలంటే ఫ్యూజు పీకాలి అంది. ఆ మాట విని నేను చేతిలో తీగ వదిలేసి గట్టు మీద కూర్చున్నాను. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఏం జరిగిందో మీరు చూసి ఉండాల్సింది సార్. గట్ల మీద నుంచి ఒక్కొక్కరే వచ్చి, మోటారుకి ఒకటి చొప్పున తెల్ల పింగాణీ ఫ్యూజులు పీకి తెచ్చి, పాపాయమ్మ గారి పూలబుట్టలో వేశారు. నేను ఒక్కొక్కటి లెక్కపెట్టుకున్నాను. ఇరవై రెండు వచ్చాయి. ఊళ్లో మోటార్లు ఇరవై మూడు. ఒకటి ఎవరిదంటే ఎవరూ చెప్పరు. చివరికి చంద్రరావు గారు జేబులోంచి తీసి బుట్టలో పెట్టారు. ఇది నా చేతిలో ఉండనిద్దామనుకున్నానండి, సర్లెండి, తీసుకోండి అన్నారు. ఐదు గంటల దాకా ఆ బుట్ట నా ఒళ్లోనే ఉంది. యంత్రం దగ్గర మా వాళ్లు, బుట్ట దగ్గర నేను. చేలల్లో పిట్టల అరుపులు తప్ప ఇంకే చప్పుడూ లేదు. నల్లమెరక అంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ చూడలేదని ఊరివాళ్లే అన్నారు.

సంకేతం ఉంది సార్.

ఎలాంటి సంకేతమంటే, ఉప్పునీటి దశ దాటింది, నల్లమట్టి దశ దాటింది, ఇంకా నెమ్మదిగా, ఎక్కడా వణకకుండా దిగుతూ వచ్చింది. మూడుసార్లు కొలిచాం, మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. లెక్క కడితే ఐదు వందల అరవై మీటర్ల లోతు. నల్లరాయి పొరల అడుగున, నిలువుగా, కాస్త తూర్పుకి వాలి ఉంది. అయస్కాంతం కొలతలూ, గురుత్వం కొలతలూ అదే చోట పెరిగాయి. అది నికెల్ అని ప్రమాణం చేయమంటే చేయను. రాయి బయటికి వచ్చేదాకా ఎవరూ చేయకూడదని మీరే చెప్పారు. అక్కడ ఏదో ఉంది, ఒక్క బోరింగు వేసి చూడండి అంటున్నాను, అంతే. ఆ మాట అనడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మంగళవారం పదకొండింటికి ఆఖరి మీటింగు. రిగ్గు ఖమ్మం వైపు ఖాళీగానే ఉంది. ఆ రోజు సరే అంటే గురువారానికి నల్లమెరకలో దిగుతుంది. వద్దంటే లైసెన్సు వదిలేస్తారు, నేనూ ఉద్యోగం వదిలేస్తాను. నా నోటు పది పేజీలు వచ్చింది. నాలుగో పేజీలో మీ గురించి రాశాను. పాత కొలతలు సక్రమంగానే తీశారు, మోటార్లన్నీ ఆగి ఉన్నాయనడానికి రిజిస్టరు సాక్ష్యం, పొరపాటు జరిగింది వాటిని చదివి అర్థం చెప్పడంలో అని. మీ పేరు రాయలేదు, కానీ చదివిందెవరో అందరికీ తెలుసు. దానికి తోడుగా, ఆనాడూ ఈనాడూ మోటార్లు ఆపామని చంద్రరావు గారి సంతకంతో ఒక కాగితం కూడా జతచేస్తున్నాను. రేపు వచ్చి సంతకం పెడతానన్నారు.

మీరు పని నేర్పారు కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టకూడదని నేను అనుకోను. వెనక్కి తగ్గను. మీరు కోపగించుకుంటే కోపగించుకోండి. నాకు పెద్దలంటే గౌరవం లేదని చుట్టుపక్కల చెప్పుకోండి. కొవ్వూరులో మా నాన్న స్కూల్లో పిల్లలకు చెప్పే మాట ఒకటుండేది, లెక్క తప్పితే మాస్టారినైనా అడగండిరా అని. ఆయన కూతుర్ని నేను. అడుగుతున్నాను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ పెట్టిన మాగాయ సీసా ఖాళీ అయి రెండేళ్లయింది, ఇంకా తిరిగి ఇవ్వలేదు. ఈ గొడవ తేలాక ఇస్తాను.

మీ దగ్గర పని నేర్చుకుని, మీ మాట మాత్రం ఒప్పుకోని,
ఆశాజ్యోతి.

తా.క.
17 మార్చి, సోమవారం, పొద్దున పది గంటలు.

నిన్న రాసిన ఉత్తరం పోస్టు చేయలేదు. చించేద్దామనుకున్నాను కానీ చించను. నేను ఏమేం అన్నానో మీకు తెలియాలి.

పొద్దున్నే చంద్రరావు గారు వచ్చి వెళ్లారు. సంచి నిండా లేత పొత్తులు తెచ్చి అరుగు మీద పెట్టారు. కాగితం ఆయన ముందు పెడితే, మొదటి వాక్యం చదివి పెన్ను కింద పెట్టేశారు. మొన్న ఆదివారం సంగతికి పది సంతకాలు పెట్టమన్నా పెడతానండి, ఆనాటి సంగతికి మాత్రం పెట్టలేనండి, ఆ రోజు నా మోటారు తిరిగిందండి అన్నారు. నేను తల దించుకున్నాను, ఎందుకంటే ఆ సంగతి నాకు కొత్త కాదు. శనివారం పాపాయమ్మ గారు ఆటో అన్న క్షణమే నాకు అర్థమైపోయింది. నాకు వచ్చింది ఎండ దెబ్బ కాదు సార్. ఆనాడు నేను ఒంటిగంటకి ఒకసారి అందర్నీ అడిగాను, అంతే. అరగంటకోసారి చేలన్నీ తిరిగి చూడాలి. చెప్పు తెగింది, కాలు కాలింది, తాటితోపులో నీడకి కూర్చున్నాను. ఐదింటికి లేచి ఆరు గడులూ ఒక్కసారే నింపాను. అది తెలిసి కూడా నిన్న మీకు ఆ ఉత్తరం రాశాను, నాలుగో పేజీ రాశాను. మీ మీద కోపం రెండేళ్లు మోశాను, దాన్ని దించుకోవడం కంటే మోయడమే తేలికనిపించింది.

అంతవరకే అయితే నా తప్పు నా దగ్గరే ఉండేది. చంద్రరావు గారు ఇంకో మాట కూడా చెప్పారు. ఆ రోజు రెండున్నరకి కరెంటు పోయి వచ్చిందట, మోటారు ఎత్తుకుందట. మూడు గంటలకి మీరు గట్టు మీద నడుచుకుంటూ వచ్చి, తిరుగుతున్న మోటారు దగ్గర నిలబడ్డారట. తాటితోపులో నన్ను చూశారట. తరువాత ఆయనతో, ఈ అమ్మాయిది ఇంకా పర్మినెంటు కాలేదండి, రాసిన రిజిస్టరు తప్పని తేలితే ఇంటికి పంపేస్తారు, ఈ మోటారు సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి అన్నారట. మర్నాడు యంత్రం తిరిగి ఇచ్చేయాలి. ఇంకో రోజు అడగాలంటే కారణం రాయాలి. ఆ కారణం రాయలేక మీరు గోల అని రాసి నల్లమెరకను చంపేశారు. గోల అన్నది నిజమే. పని అనవసరం అన్నదే అబద్ధం. అది నా కోసం ఆడారు.

మీకు దండం పెట్టాలో, మీతో దెబ్బలాడాలో తెలియడం లేదు. నన్ను కాపాడమని నేను అడిగానా సార్? ఆ రోజే చెంప పగలగొట్టి, వెళ్లి మళ్లీ చూసి రామ్మా అని ఉంటే ఈ రెండేళ్లు మనకు మిగిలేవి. భయపడ్డారని మిమ్మల్ని అన్నందుకు మాత్రం క్షమించమంటున్నాను. క్షమాపణ ఉత్తరం కాదని మొదట్లో రాశాను. ఆ ఒక్క వాక్యం కొట్టేయండి, మిగతాది ఉంచండి.

నాలుగో పేజీ మార్చి రాశాను, నకలు దీనితో పెడుతున్నాను. పాత రిజిస్టర్‌లోని ఆరు గడులు నేను చూడకుండా నింపినవి, కింద నా పూర్తి పేరు, సంతకం. రేపు మీటింగులో మొదట చెప్పేది ఇదే. ఒకసారి అబద్ధం రాసిన మనిషి ఇప్పుడు రాసింది ఎలా నమ్మమంటావు అని దుర్గాసాయి గారు అడుగుతారు. అడగాలి కూడా. నన్ను నమ్మక్కర్లేదు, ఇరవై మూడు ఫ్యూజులు పీకి ఇచ్చిన ఊరు ఉంది, వెళ్లి అడగండి అంటాను. నమ్మితే రిగ్గు దిగుతుంది. నమ్మకపోతే నేను ఉద్యోగం వదిలి ఇంటికి వెళ్తాను.

ఉత్తరం పోస్టులో వేయడం లేదు. చంద్రరావు గారు మధ్యాహ్నం రాజమండ్రి వెళుతూ మళ్లీ ఇటు వస్తారు, ఆయన చేతికే ఇస్తాను. మాగాయ సీసా కూడా కడిగి ఇస్తున్నాను. నాలుగో పేజీలో నా సంతకం పక్కన, ఆ మోటారు తిరగడం మీరూ చూశారనడానికి మీ సంతకానికి చోటు వదిలాను. రేపు పదకొండింటికి ఆఫీసుకి వస్తే పెట్టండి. మీరు రాకపోయినా చెబుతాను. రిగ్గు రాకపోయినా చెబుతాను.

ఆశ